అడివి బాపిరాజుగారి మీజాన్ పత్రిక పాత సంచికలు ఎక్కడ దొరుకుతాయండి?

అందరికీ నమస్కారమండి, మాది విజయనగరం. మా తాతగారి ట్రంకు పెట్టెలో బాపిరాజుగారి నవల హిమబిందు పాత కాపీ దొరికింది, అట్ట ఊడిపోతే పురికొసతో కట్టేసుంది, శాతవాహనుల కాలం వర్ణనలు వచ్చిన చోటల్లా తాతగారు పెన్సిల్‌తో గీతలు గీసుకున్నారు, ఆఖరి పేజీలు మాత్రం చెదలు తినేశాయి. అది చదివాక ఆయనదే ఇంకో నవల గోన గన్నారెడ్డి కూడా రెండు రాత్రుల్లో పూర్తి చేసేశాను, కాకతీయుల కాలంలో మనమే తిరుగుతున్నట్టు ఉంటుందండి, బాపిరాజుగారు చిత్రకారుడు కూడా కదా, అందుకేనేమో ప్రతి సీనూ బొమ్మలా కనిపిస్తుంది.

ఇప్పుడు నా డౌటు ఏంటంటే, బాపిరాజుగారు 1940ల్లో హైదరాబాద్‌లో తెలుగు మీజాన్‌కి ఎడిటర్‌గా చేశారు కదా, నవలల గురించి అందరూ రాస్తారు గాని ఆ ఎడిటర్ పని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. ఆయన సంపాదకీయాలు పుస్తకంగా ఏమైనా వచ్చాయా? పాత సంచికలు స్కాన్ చేసినవి ఎక్కడైనా ఉన్నాయా? ఇక్కడ లైబ్రరీలో అడిగితే నవలలే ఉన్నాయన్నారు. హైదరాబాద్ రావాలన్నా వస్తాను, ఎక్కడ చూడాలో తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్. అలాగే హిమబిందు చివరి పేజీల ఫొటోలు ఎవరైనా పెడితే తాతగారి కాపీలో అతికించుకుంటానండి.