ఎల్ మూల దగ్గరే మంట దాటుతోంది: ఇంజిన్ ఫైర్ సీల్ ప్రాజెక్టుకు సలహా కావాలి

హన్మకొండ_మెకానికల్:
అన్నలకు, అక్కలకు నమస్కారం. నాది ఫైనల్ ఇయర్. విమానం ఇంజిన్ కౌల్ (ఇంజిన్‌ను కప్పే తొడుగు) తలుపుల అంచు వెంబడి ఉండే ఫైర్ సీల్ మీద మా బ్యాచ్ ప్రాజెక్టు చేస్తోంది. లోపల మంట లేస్తే పక్క భాగాలకు పాకకుండా ఆపేది ఆ రబ్బరు పట్టీయే. ఫైర్‌ప్రూఫ్ అనాలంటే దాదాపు 1,093 డిగ్రీల సెల్సియస్ మంటకు 15 నిమిషాలు నిలవాలి. 5 నిమిషాలే నిలిస్తే ఫైర్ రెసిస్టెంట్ అంటారు.

సిలికోన్ రబ్బరులో అభ్రకం పొడి, తక్కువ వేడికే కరిగే గాజు పొడి కలిపి, మధ్యలో ఫైబర్‌గ్లాస్ గుడ్డ పెట్టి అచ్చు పోశాం. రబ్బరు కాలాక తెల్లటి సిలికా బూడిద మిగులుతుంది. కరిగిన గాజు దాన్ని అభ్రకంతో కలిపి పట్టి ఉంచాలని మా ఆలోచన. గ్యాస్ టార్చ్ పెడితే నిటారు పట్టీ బాగానే ఆగింది. ఎల్ మూల దగ్గర మాత్రం ఏడో నిమిషానికే వెనకవైపు మంట వచ్చింది. గైడ్ సార్ మందం పెంచమంటున్నారు. నాకు మందం సంగతి కాదనిపిస్తోంది. మీరేమంటారు?

నాసెల్_కరీంనగర్:
చెల్లె, నీ అనుమానం కరెక్టే. మూల తిప్పడానికి గుడ్డకు గాటు పెట్టారా? పెట్టే ఉంటారు. గాటు ఉన్నచోట మిగిలేది బూడిద ఒక్కటే. దానికి వేడిని ఆపే గుణం ఉంది కానీ బలం లేదు, కొంచెం కదిలినా రాలుతుంది. రాలకుండా పట్టేది గుడ్డ. మందం పెంచితే ఇంకో నిమిషమో రెండో వస్తాయేమో, అంతే.

జాకెట్ మెడకు పైపింగ్ వేసేటప్పుడు టైలర్ క్రాస్ పట్టీ కోస్తుంది కదా, వంపు తిరగాలని. మీరూ గుడ్డను 45 డిగ్రీల క్రాస్‌లో కోసి, గాటు లేకుండా మూలను ఒకే అచ్చులో పోయండి. ఇంకోటి, మామూలు ఫైబర్‌గ్లాస్ 840 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మధ్యలో దాగి ఉంది కాబట్టే నిటారు పట్టీలో బతికింది. మంట వైపు పొరకు సిలికా గుడ్డ గానీ సిరామిక్ గుడ్డ గానీ వాడండి.

టెస్టులో సీల్‌ను నొక్కి పెట్టండి. గాల్లో కౌల్ వంగుతుంది, సీల్ నొక్కుడు తగ్గుతుంది. అందుకే ఎక్కువ నొక్కి ఒకసారి, తక్కువ నొక్కి ఒకసారి కాల్చి చూడాలి. మంట వేడి ఒక్కటే కొలిస్తే చాలదు, అది ఎంత వేడిని మోస్తోందో కూడా కావాలి. విమాన భాగాల మంట పరీక్షకు ఉన్న ఐఎస్ఓ 2685 ప్రమాణం ప్రకారం అది చదరపు మీటరుకు 116 కిలోవాట్లు. రాగి గొట్టంలో నీళ్లు పారించి, మంట మీద పెట్టి, నీళ్ల వేడి ఎంత పెరిగిందో చూస్తే లెక్క తేలుతుంది. ఈ లెక్క లేకపోతే వైవాలో మొదటి ప్రశ్న అదే వస్తుంది.

గోదావరిఖని_బాయిలర్:
బిడ్డా, నాది రామగుండంలో బాయిలర్ మెయింటెనెన్స్, రిటైరయిన. విమానాల సంగతి నాకు తెల్వదు కానీ బాయిలర్ తలుపులకు సందు మూసే రోప్ (వేడికి తట్టుకునే తాడు) వేసిన అనుభవం ఉంది. రెండు కొసలు నిటారుగా కోసి ఎదురెదురు పెడితే అక్కడే లీకు. ఏటవాలుగా కోసి ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టాలి. రెండో వరుస అతుకు మొదటి అతుకు మీద పడకూడదు. అతుకును మూలలో అసలే పెట్టకు, నిటారు చోటికి జరుపు.

సిరామిక్ గుడ్డ కోసేటప్పుడు మంచి మాస్కు, గ్లౌజులు తప్పనిసరి. ఆ నూగు ఊపిరితిత్తులకు చెడ్డది. మా వాళ్లు రుమాలు కట్టుకుని పని చేసేవాళ్లు, అది చాలదు. కాల్చేటప్పుడు పొగ బయటికి పోయే ఏర్పాటు చూసుకో.

హన్మకొండ_మెకానికల్:
అక్కా, గాటు పెట్టాం, సరిగ్గా మంట దాటింది కూడా అక్కడే. అంకుల్, మా అతుకు మూలకు రెండు అంగుళాల దూరంలోనే ఉంది, దాన్ని నిటారు భాగం మధ్యకు తర్వాతి టెస్టులో జరుపుతాం. ఈసారి మందం, పొడుల పాళ్లు, గుడ్డ రకం ఏవీ మార్చం. గుడ్డ కోత మాత్రమే మార్చి కాలుస్తాం, అప్పుడే కారణం గాటేనా అన్నది తేలుతుంది. సిలికా గుడ్డ ఆ తర్వాత. సార్‌కు ఈ థ్రెడ్ చూపిస్తాను.

నాసెల్_కరీంనగర్:
అలాగే చెయ్యి చెల్లె. ఒక ముక్కను ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టి కూడా కాల్చు. మామూలు సిలికోన్ ఆయిల్ పీల్చి ఉబ్బుతుంది, అసలు ఇంజిన్‌లో అది పొడిగా ఉండదు. వెనకవైపు నుంచి వీడియో తీసి పెట్టు, మంట మొదట ఎక్కడ కనిపించిందో చూద్దాం.