1997 మారుతి జెన్ కొని ఉంచుకుంటే ముందు ముందు విలువ పెరుగుతుందా?

అందరికీ నమస్కారం. హైదరాబాద్ ఈసీఐఎల్ ఏరియాలో మా పక్కింటి అంకుల్ తన 1997 జెన్ అమ్మేస్తున్నారు. ఒకే ఓనర్, పాత ఏపీ నంబరు, కార్బ్యురేటర్ ఇంజిన్. పెయింట్ కంపెనీదే, అద్దాల మీద మారుతి ముద్ర కూడా చెక్కుచెదరలేదు. ఎడమ డోర్ కింద మాత్రం తుప్పు పట్టింది, గోరుతో గీకితే పెచ్చు ఊడొచ్చింది.

జెన్ తయారీ 2006లోనే ఆగిపోయింది. ఇంత బాగా ఉన్నవి రోడ్డు మీద కనబడటమే గగనం. కాంటెస్సా, జిప్సీ లాంటి పాత బండ్లకున్న గిరాకీ దీనికీ వస్తుందా? మధ్యతరగతి ఇళ్లు ఎంతో మురిపెంగా చూసుకున్న కారు, తుక్కుకి పోతుందంటే నాకు మనసొప్పడం లేదు. కానీ వింటేజ్ (పాతకాలపు బండ్లకిచ్చే) రిజిస్ట్రేషన్‌కి 50 ఏళ్లు నిండాలి, అంటే 2047. అప్పటిదాకా ఐదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్, పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ తప్పవు.

జెన్ ఉంచుకున్నవాళ్లు దయచేసి చెప్పండి: రాణిగంజ్‌లో ఒరిజినల్ డోర్ రబ్బర్లు, లైట్లు ఇంకా దొరుకుతున్నాయా? తుప్పు ఉన్నంతమేరకే బాగుచేయిస్తే సరిపోతుందా, కారంతా పెయింట్ వేయిస్తే విలువ తగ్గుతుందా? కార్బ్యురేటర్ ట్యూనింగ్ బాగా తెలిసిన మెకానిక్ సికింద్రాబాద్ వైపు ఎవరైనా ఉన్నారా? ఆదివారంలోగా అంకుల్‌కి మాట చెప్పాలి.