బామ్మర్ది ఆరొందలంటాడు, నాకు రెండొందలే తేలుతున్నాయి

గాజువాక నుంచి:
అందరికీ నమస్కారం. మా అత్తారి ఊరు అనకాపల్లి దాటాక. సంక్రాంతి ముందు ఊరి చెరువులో పెద్దబాతులు దిగాయి. తెల్లటి తల, వెనక రెండు నల్ల పట్టీలు, పసుపు కాళ్లు. బార్ హెడెడ్ గూసే, అనుమానం లేదు. గట్టు మీద నిలబడి మూడుసార్లు లెక్కపెడితే 210, 260, 190 వచ్చాయి. బామ్మర్ది ఆరొందలకి తగ్గవంటాడు. వాడి ఏడుపు వేరే. వరి కోశాక చల్లిన మినుము మొలకల్ని మేసేశాయట. "బావా, మీ ఫారెస్టోళ్లకి చెప్పి తోలించు" అంటాడు. నేను స్టీల్‌ప్లాంటులో చేసి రిటైరైనవాణ్ణి. మెడలో బైనాక్యులర్ వేలాడితే చాలు, మావాళ్లకి ఫారెస్టోణ్ణే. లెక్క ఎలా తేల్చాలి? తోలొచ్చా?

సీతమ్మధార నుంచి:
గురువుగారూ, మీరు ఏ టైముకి వెళ్లారో రాయలేదు. పదింటికైతే ఆ లెక్క వదిలేయండి. ఇవి ఎక్కువగా రాత్రిళ్లు మేసి, పగలు నీటి ఒడ్డున కునుకు తీస్తాయి. సగం మంద గట్టు చాటునే ఉండిపోతుంది. తెల్లారకముందే వెళ్లి కూర్చోండి, పొలాల నుంచి వరసలుగా తిరిగొచ్చి దిగుతున్నప్పుడు లెక్కపెట్టండి. ఒక్కొక్కటీ కాదు. ముందు పదింటిని సరిగ్గా లెక్కపెట్టి, ఆ పదీ ఎంత మేర ఉన్నాయో కంటికి పట్టించుకోండి. అలాంటి మేరలు మందలో ఎన్ని పడతాయో చూడండి. ఫోటో కూడా తీసి ఇంటికొచ్చాక సరిచూసుకోండి.

నా తప్పు చెప్తాను. ఒకసారి కొండకర్ల ఆవ అనే సరస్సులో తాటిదోనెలో కూర్చుని విజిలింగ్ డక్స్ లెక్కపెట్టాను. దోనె ముందుకెళ్లేకొద్దీ అవి ఈలలేసుకుంటూ లేచి మా వెనక వాలేవి. తిరిగొస్తూ వాటినే మళ్లీ కలిపేశాను! పక్షుల గణనకి ఆ లెక్క పంపేశాక గానీ వెలగలేదు.

ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ప్రతి జనవరిలో జరుగుతోంది. అందులో పనికొచ్చేది ఏటా అదే గట్టు మీంచి, అదే వేళకి పెట్టిన లెక్క. బాతులు రాని ఏడాది సున్నా అని రాసి పంపండి. మనవాళ్లు సున్నా రాయడానికి మొహమాటపడతారు. అదేం పరీక్ష మార్కా? సున్నా లేకపోతే తగ్గాయో, ఎవరూ చూడలేదో ఎలా తెలుస్తుంది?

మెడకి ప్లాస్టిక్ పట్టీ ఉన్నది కనిపిస్తే దానిమీది అక్షరాలు రాసుకోండి. మంగోలియాలో పట్టీ వేసి వదిలినవి కర్ణాటక చెరువుల్లో కనిపించాయి.

ఇక తోలడం. చెరువులో తోలితే పక్కవాడి చేలో వాలతాయి. మొక్క లేతగా ఉన్నన్నాళ్లు చేను చుట్టూ మెరుపు రిబ్బన్లు కట్టి, రాత్రి లైటు పట్టుకుని మనిషి తిరిగితే చాలు. కొట్టడం, మందు పెట్టడం మాత్రం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, వాడికి గట్టిగా చెప్పండి. ముందసలు చేలో రెట్ట చూడండి. పెద్దబాతుదైతే వేలంత పొడుగ్గా, ఆకుపచ్చగా ఉంటుంది, విరిస్తే లోపల గడ్డి పీచు.

మధురవాడ నుంచి:
చచ్చిన బాతు కనిపిస్తే చేత్తో ముట్టుకోకండి, పశువుల డాక్టరుకి చెప్పండి. 2005లో చైనాలోని చింగ్‌హాయ్ సరస్సు దగ్గర బర్డ్ ఫ్లూతో వేల పక్షులు పోయాయి, అందులో ఎక్కువ ఈ జాతివే. ఊళ్లో నాటుకోళ్లని కొన్నాళ్లు చెరువు వైపు వదలొద్దు.

గాజువాక నుంచి:
నిన్న నాలుగున్నరకే వెళ్లాను. మంచులో ముందు అరుపులే వినిపించాయి, తర్వాత మంద కనిపించింది. లెక్క 320 దగ్గర తేలింది, ఫోటోలో 331. బామ్మర్ది పక్కనే ఉండి ఒప్పుకున్నాడు. తర్వాత చేలోకి వెళ్లాం. చెరువు వైపు నాలుగు మడుల్లో మీరు చెప్పిన రెట్టే. ఇంటి వైపు మడుల్లో మాత్రం రెట్ట లేదు, గేదె గిట్టల అచ్చులున్నాయి. గేదె ఎవరిదో వాడు చెప్పలేదు, నేనూ అడగలేదు. రిబ్బన్లకి డబ్బులిచ్చి వచ్చాను.