అహింసా పోరాటం పాలకుడి మనస్సాక్షిపైనే ఆధారపడుతుందా?

చర్చకు పెట్టినవారు:
నిరాయుధుల బాధ చూసి సిగ్గుపడే పాలకుడు ఎదురైతేనే అహింస గెలుస్తుందని నా వాదన; గాంధీజీకి ఎదురైన బ్రిటిషు పాలన అలా సిగ్గుపడేదే. 1960 మార్చి 21న దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో, నల్లవారు ఎప్పుడూ అనుమతి పత్రం వెంట ఉంచుకోవాలనే పాసు చట్టాలను నిరసించిన నిరాయుధులపై పోలీసులు కాల్పులు జరిపి 69 మందిని చంపారు. మరుసటి ఏడాదే మండేలా, ఆయన సహచరులు సాయుధ విభాగాన్ని స్థాపించారు. అటువంటి ప్రభుత్వం ముందు సత్యాగ్రహి ఏం చేయగలడు?

మొదటి సమాధానం:
జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిపించింది కూడా మీరు సిగ్గుపడుతుందంటున్న ఆ పాలనే కదా. బాధను తాను భరించి ఎదుటివాడి హృదయాన్ని మార్చడమే సత్యాగ్రహమని గాంధీజీ నమ్మిన మాట నిజమే కానీ, ఆచరణలో దాని బలం మరోచోట ఉందని నేననుకుంటాను. పన్ను కట్టేవాడు, లెక్క రాసేవాడు, తుపాకీ పట్టేవాడు చెప్పినట్టు విన్నంతకాలమే ఏ ప్రభుత్వమైనా నడుస్తుంది. 1921-22లో గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో (కొన్ని గ్రామాల రెవెన్యూ విభాగం) గ్రామోద్యోగులు రాజీనామా చేసి, రైతులు శిస్తు బిగపట్టినప్పుడు కలెక్టరు మంచివాడా కాదా అన్న ప్రశ్నే రాలేదు. 1930 ఏప్రిల్‌లో పెషావర్‌లో ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ అహింసా దళమైన ఖుదాయీ ఖిద్మత్‌గార్ల అరెస్టుపై జనం వీధుల్లోకి వచ్చినప్పుడు, వారిని కాల్చమన్న ఆజ్ఞను చంద్రసింగ్ గఢ్వాలీతో పాటు గఢ్వాల్ రైఫిల్స్ సిపాయిలు నిరాకరించి కఠిన శిక్షలు అనుభవించారు. ఆ జనం చేతుల్లో తుపాకులే ఉంటే, సిపాయి తన ప్రాణం కాపాడుకోవడానికైనా కాల్చి ఉండేవాడు.

ఇక షార్ప్‌విల్ సంగతి. ఆ సాయుధ విభాగం వర్ణవివక్ష ప్రభుత్వాన్ని యుద్ధరంగంలో ఓడించలేదు. 1980లలో దానికి ఊపిరాడకుండా చేసినవాటిలో కార్మికుల సమ్మెలు, అద్దె నిలిపివేతలు, దుకాణాల బహిష్కరణలు, విదేశీ ఆంక్షలు ప్రధానమైనవి. గనుల్లో నల్లవారి శ్రమ లేకపోతే ఆ ఆర్థిక వ్యవస్థ ఎక్కువకాలం సాగేది కాదు.

చర్చకు పెట్టినవారు:
అయితే పాలకుడికి ప్రజల అవసరమే లేని చోట? 1835లో న్యూజీలాండ్‌కు తూర్పున ఉన్న చాతమ్ దీవులపైకి మావోరీ తెగలు దండెత్తినప్పుడు, చంపకూడదని పూర్వీకుడు నునుకు విధించిన కట్టడిని పాటించి పోరాడకూడదని ఆ దీవుల మూలవాసులైన మొరియోరీలు సభలో తీర్మానించుకున్నారు. వందల మంది హతులయ్యారు, మిగిలినవారు బానిసలయ్యారు.

మొదటి సమాధానం:
అది బలమైన ఉదాహరణే. అయితే మొరియోరీలు సిద్ధపడింది శాంతి ప్రతిపాదనకు, సహాయ నిరాకరణకు కాదు. దాడి చేసినవారికి అప్పటికి వారితో తెగ్గొట్టదగిన సంబంధమేదీ లేదు. సహాయ నిరాకరణకు ముందు సహకారమంటూ ఉండాలి. నేల మాత్రమే కావాలని, మనుషులు అక్కర్లేదని వచ్చినవాడి విషయంలో మీ ఆక్షేపణ నిలుస్తుంది, అక్కడ ఆయుధం పట్టినవారిని నేను తప్పుపట్టను. భారతదేశంలో బ్రిటిషువారు మాత్రం ఆ కోవకు చెందరు.