స్పీడుగా పోయే డబ్బా నొక్కుకుపోయినట్టు కనిపిస్తుందా, తిరిగినట్టు కనిపిస్తుందా?

వెనకబెంచీ:
అన్నలూ ఒక డౌటు. మా చెల్లి బీఎస్సీ ఫిజిక్స్, నిన్న రాత్రి అన్నం తింటూ లెంగ్త్ కాంట్రాక్షన్ (స్పీడుగా పోయే వస్తువు పొడుగు తగ్గడం) మొదలెట్టింది, కాంతి వేగంలో 80 శాతం స్పీడుతో పోయే మీటరు డబ్బా 60 సెంటీమీటర్లే ఉంటుందంట. ఫార్ములాలో వేసి చూశా, 0.6 వచ్చింది, ఓకే. కానీ యూట్యూబ్‌లో ఒకాయనేమో అది నొక్కుకుపోయినట్టు కనపడదు, పక్కకి తిరిగినట్టు కనపడుతుంది అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?

మూడోకన్ను:
ఇద్దరూ కరెక్టే. 60 అనేది కొలిస్తే వచ్చేది, అంటే డబ్బా రెండు చివర్లు ఒకే క్షణంలో ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకుని కొలవాలి. కంటికి అలా కుదరదు, ఒకేసారి కంట్లో పడిన కాంతి అంతా ఒకేసారి బయల్దేరింది కాదు కదా. డబ్బా నీ ముందు నుంచి అడ్డంగా పోతోంది అనుకో, దాని వెనక పక్క (అది పోయే దిక్కుకి వెనకున్న ముఖం) దూరపు అంచు నుంచి వచ్చే కాంతి నీ దాకా మీటరు ఎక్కువ దూరం రావాలి, అంటే దాదాపు 3.3 నానోసెకన్లు ముందే బయల్దేరాలి, ఆ టైములో డబ్బా 80 సెంటీమీటర్లు జరిగిపోతుంది. అందుకని వెనక పక్క 80 సెంటీమీటర్ల వెడల్పున కనపడుతుంది.

వెనకబెంచీ:
ఆగన్నా, డబ్బాయే అడ్డం ఉంటే దాని వెనక పక్క నాకెలా కనపడుద్ది?

మూడోకన్ను:
అడ్డం ఉండదు, ఆ కాంతి నీ వైపు వచ్చేలోపు డబ్బా ముందుకెళ్ళి దారి ఇచ్చేస్తుంది 😀

చాయ్‌బిస్కెట్:
ట్రైన్ కిటికీ లోంచి ఫోన్‌తో ఫొటో తీస్తే కరెంటు స్తంభాలు వంగినట్టు వస్తాయి చూడు, సెన్సార్ ఒక్కో వరస ఒక్కో టైములో చదువుతుంది కాబట్టి. ఇదీ అలాంటిదే. అంటే ఈ కాంట్రాక్షన్ కూడా ఉత్త భ్రమే అన్నమాట.

మూడోకన్ను:
పోలిక బాగుంది కానీ ఆ చివరి మాట తప్పు బ్రో. కాంట్రాక్షన్ లేకపోతే నీ వైపున్న ముఖం పూర్తి మీటరు, దానికి తోడు వెనక పక్క 0.8, డబ్బా సాగదీసినట్టు ఉండేది. కుదించుకుని 0.6 అయింది కాబట్టే 0.6, 0.8 పక్కపక్కన పడి, సుమారు 53 డిగ్రీలు తిప్పి పెట్టిన మామూలు డబ్బాలాగా ఉంటుంది. ఇది దూరం నుంచి చూస్తేనే, దగ్గరగా ఉంటే ఆకారం వంకరపోతుంది.

1959లో టెరెల్, పెన్‌రోజ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎవరికి వారు చెప్పారు ఇది, బంతి ఎంత స్పీడులో పోయినా అంచు గుండ్రంగానే కనపడుతుందని పెన్‌రోజ్ చూపించాడు. వీళ్ళకంటే ముందే 1924లో లాంపా అనే ఆయన రాసినా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2025లో వియన్నా శాస్త్రవేత్తలు లేజర్ పల్సులు, అతివేగం కెమెరాతో కాంతి వేగం సెకనుకు 2 మీటర్లే అయినట్టు సెట్ చేసి ఫొటోలు తీశారు. అసలైన కాంట్రాక్షన్ అక్కడ రాదు కాబట్టి డబ్బాని ముందే పొట్టిగా చేసి పెట్టుకున్నారు, ఫొటోలో మాత్రం తిరిగిన క్యూబే వచ్చింది!

చాయ్‌బిస్కెట్:
సరే ఒప్పుకున్నా. మరి ఎదురుగా వస్తే?

మూడోకన్ను:
అదింకా వింత. అదే స్పీడులో నీ మీదకే వచ్చే మీటరు కడ్డీ 3 మీటర్ల పొడుగు కనపడుతుంది, దాటి వెళ్ళిపోతుంటే 33 సెంటీమీటర్లే. కొలిస్తే రెండుసార్లూ 60.

వెనకబెంచీ:
చెల్లికి చూపించా. "53 డిగ్రీలు ఎలా వచ్చిందో నువ్వే వేసి చూపించు" అని పెన్ను చేతికిచ్చింది. సైన్ విలోమం 0.8, అంతేగా?

మూడోకన్ను:
అంతే.