కాళ్ళాగజ్జా కంకాళమ్మ: ఆటపాటా, గజ్జి మందా?

వేపకొమ్మ:
ఈ సందేశం మీకూ వచ్చే ఉంటుంది. "కాళ్ళాగజ్జా కంకాళమ్మ" ఉత్త ఆట కాదట. కాళ్ళకు గజ్జి పడితే ఏ మందు వాడాలో వరసగా చెబుతోందట: వెలగమొగ్గతో తగ్గకపోతే మోదుగ, దానికీ తగ్గకపోతే ఇంకోటి. చదివి ఒళ్ళు పులకరించింది. పెద్దలు పాటలో వైద్యం దాచారంటే ఎందుకు నమ్మకూడదు?

తాటాకు:
నేను నమ్మనండి. ఒక్కసారి పైకి పాడి చూడండి. "మొగ్గ కాదు మోదుగనీడ, నీడ కాదు నిమ్మలబావి, బావి కాదు బచ్చలికూర." ముగిసిన మాటనే తర్వాతి చరణం ఎత్తుకుంటోంది. పద్యాల్లో దీన్ని ముక్తపదగ్రస్తం అంటారు. పైగా మొగ్గకు మోదుగ, నీడకు నిమ్మ, బావికి బచ్చలి! ఆ మాటల్ని పిలిచింది రోగం కాదు, అక్షరం. కొందరు "బావి కాదు బసవన్నకుంట" అంటారు. కూర పోయి కుంట వచ్చినా పాట ఆగలేదు, 'బ' ఉంది కాబట్టి. మందుచీటీలో అలా మార్చగలమా? పాటలో తర్వాత వచ్చే పాపడమీసం, బొమ్మలశెట్టి ఏ పుండుకు రాస్తారు?

గజ్జ అంటే కాలి మువ్వ. పిల్లలు కాళ్ళు చాపుకుని కూర్చుంటే మాటకో కాలు తడుతూ పాడే పాట ఇది. కాళ్ళతో కాక దేనితో మొదలవుతుంది?

గవ్వలాట:
ఇంగ్లీషు 'రింగా రింగా రోజెస్'దీ ఇదే కథ. అది 1665 నాటి లండన్ ప్లేగు పాటనీ, చివర్లో తుమ్మి కూలిపోవడమంటే చావనీ చెబుతారు. ఇంగ్లండులో అది అచ్చులో కనిపించింది 1881లో, పిల్లల పుస్తకాల చిత్రకారిణి కేట్ గ్రీనవే పుస్తకంలో. ప్లేగు కథ ప్రచారమైంది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే. ఆ పాట పాత రూపాలు చాలావాటిలో తుమ్మే లేదు.

వేపకొమ్మ:
అచ్చు కాకముందు నోట్లో ఉండదా? మోదుగ, వెలగ, మిరియం వైద్యంలో వాడేవే కదా?

తాటాకు:
పాట వయసు అచ్చుతో తేలదు, ఒప్పుకుంటాను. కానీ మన చుట్టూ మందుకు పనికిరాని చెట్టేదండీ? పల్లెలో పుట్టిన ఏ పాటలోనైనా నాలుగు మూలికలు దొరుకుతాయి. నా బాధ వేరు. బడి మొహం చూడని ఆడవాళ్ళు ఇంత చక్కగా అక్షరం కుదిర్చి పాడుకున్నారు. మందు పేరు చెబితే గానీ ఆ పాటకు విలువ ఇవ్వమా? మీ ఇంట్లో "బావి కాదు" తర్వాత ఏమనేవారు?

వేపకొమ్మ:
ఇప్పుడే అమ్మను అడిగాను. బసవన్నకుంటే. మందు సంగతి నేనింకా వదల్లేదు గానీ, అమ్మ మాత్రం పాటంతా ఆపకుండా పాడేసింది.