కొత్తపట్నంలో తెల్లవారుజాము: మీటర్ మబ్బుకు చూడాలా, మనుషులకా?

ఒంగోలు కుర్రోడు:
అన్నా, అక్కా, నాది క్యానన్ 1500డి, కిట్ లెన్స్. ఈ కార్తీకంలో కొత్తపట్నం బీచ్‌కి పోతున్నా. సముద్రం మీద నల్లమబ్బు, చీలికల్లోంచి ఎండ చారలు చారలుగా దిగుతోంది. ఒడ్డున జాలర్లు అలివి వల లాగుతుంటారు. కంటికి రెండూ బ్రహ్మాండంగా కనిపిస్తాయి. ఫోటోలో మాత్రం మబ్బు బాగా వస్తే మనుషులు నల్లగా, మనుషులు వస్తే ఆకాశం తెల్లగా. ఏవీ మోడ్ (ఎఫ్ సంఖ్య నేను పెడితే షట్టర్ కెమెరానే పెట్టుకుంటుంది), ఎవాల్యుయేటివ్ మీటరింగ్ (ఫ్రేమంతా చూసి వెలుగు కొలిచేది). స్పాట్ (మధ్యలో చిన్న చుక్కంత చోటే కొలిచేది) వాడమని ఒకాయన చెప్పారు, మెనూ అంతా వెతికినా కనపడలేదు.

పెన్నా గట్టు:
కనపడదు తమ్ముడూ, 1500డిలో స్పాట్ లేదు. పార్షియల్ ఉంటుంది, ఫ్రేము మధ్యలో 10 శాతం దాకా చూస్తుంది. నీ పనికి అది చాలు.

కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ దేన్ని చూసినా మధ్యరకం బూడిదరంగు అనుకునే లెక్క చెబుతుంది. ఇస్కపల్లి ఉప్పు కయ్యల దగ్గర తెల్లటి కుప్పకేసి పెట్టు, మాసిపోయినట్టు తీస్తుంది. +1 ఇస్తే, అంటే వెలుగు రెట్టింపు చేస్తే గాని ఉప్పులా ఉండదు. చీమకుర్తి నల్ల గ్రానైట్ దిమ్మె అయితే దానికి వ్యతిరేకం, -1కి దించాలి. నీ మబ్బు అంచు ఉప్పు జాతి. పార్షియల్ పెట్టి, సూర్యుడు తగలకుండా, చారలు దిగే చోటి పక్కనున్న వెలుగు మబ్బును మధ్యలోకి తెచ్చుకో. ఎం మోడ్ (అన్నీ మనమే పెట్టుకునేది), ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100, లెన్స్ రంధ్రం ఎఫ్/8. మీటర్ గీత +1 మీదికి వచ్చేదాకా షట్టర్ తిప్పు. ఇప్పుడు ఫ్రేము ఎలా మార్చుకున్నా లెక్క కదలదు. మబ్బు తెర జరిగినప్పుడు మాత్రం మళ్ళీ చూసుకోవాలి.

తీశాక డిస్ప్ బటన్‌తో సమాచారం తెర తెచ్చుకో, కాలిపోయిన చోట్లు మిణుకుమంటాయి. సూర్యబింబం మిణుకుమంటే పట్టించుకోకు. మబ్బు మిణుకుమంటే షట్టర్ వేగం ఇంకో క్లిక్ పెంచు.

మనుషులు నల్లబడతారు, నిజమే. వంగిన నడుములూ, బిగిసిన తాడూ కనిపిస్తే చాలదా? ముఖాలెందుకు? రా ఫైలులో (కెమెరా మెరుగులు దిద్దని ముడి ఫైలు) నీడల్ని కొంత పైకి లాగొచ్చు, పూర్తిగా కాలిన తెలుపును ఎవడూ తేలేడు. రీలు వేసే రోజుల్లో స్లైడ్ ఫిల్ముకీ ఇదే పద్ధతి. నెగటివ్ ఫిల్ము అయితే నీడకు మీటర్ చూసేవాళ్ళం.

కావలి లెన్స్:
ముఖాలెందుకు అంటారేంటండీ పెన్నా గారూ! తుమ్మలపెంటలో ఎవరికైనా ఫోటో చూపించండి, ముందు వెతుక్కునేది తన ముఖాన్నే. చిత్రం బాగుంది అనేది మీరూ నేనూ.

తమ్ముడూ, ఒకే ఫ్రేములో రెండూ దక్కించుకోవాలని కూర్చోకు. చారలున్నంతసేపు ఆయన చెప్పినట్టు తియ్యి. సూర్యుడు కాస్త పైకొచ్చి మబ్బు విడిచాక, నువ్వు నీళ్ళ వైపు వచ్చి సముద్రానికి వీపు పెట్టు. పక్కకి వాలిన ఎండ నేరుగా ముఖాల మీద పడుతుంది, వెనక సరుగుడు తోట పచ్చగా ముదురుగా ఉంటుంది. అప్పుడు నీ ఎవాల్యుయేటివ్ కూడా బుద్ధిగా పనిచేస్తుంది. తోట ఫ్రేములో ఎక్కువైతే ముఖాలు తెల్లబడతాయి, -0.7 దాకా తగ్గించు.

ఏఈబీతో (ఒకే దృశ్యాన్ని వేరువేరు వెలుగుల్లో వరసగా తీసే సదుపాయం) మూడు తీసి కలపమని చెప్పేవాళ్ళు వస్తారు చూడు. రాళ్ళకీ కొండలకీ సరే. వల లాగే మనిషి ఒక్కచోట నిలబడడు, కలిపితే రెండేసి చేతులు నాలుగవుతాయి.

ఒంగోలు కుర్రోడు:
థాంక్స్ అక్కా. కెమెరా మీద లేచే ఫ్లాష్ వేస్తే ముఖాలు రావా?

పెన్నా గట్టు:
ఎఫ్/8, ఐఎస్ఓ 100లో ఆ ఫ్లాష్ ఒక్క మీటరు దూరం దాటితే ఆనదు. పైగా ఫ్లాష్ లేచిందంటే షట్టర్ 1/200 దాటదు, నీ మబ్బు మళ్ళీ తెల్లబడుతుంది. కావలి అమ్మాయి చెప్పినట్టు అవతలి వైపుకి నడువు. ఇంకోటి, ఏ లెన్స్‌తోనైనా వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ణి సూటిగా చూడకు, కన్ను పోతుంది. లైవ్ వ్యూలో (వెనక తెర మీద) చూసుకో, అదీ ఎక్కువసేపు సూర్యుడికేసి పెట్టి ఉంచకు.